ఐదు డాలర్ల బొంత

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఒక బొంత ఉంది. బోస్టన్ నగరంలోని ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో మరో బొంత ఉంది. రెండింటినీ కుట్టింది హ్యారియెట్ పవర్స్ అనే నల్లజాతి స్త్రీ. ఆమె బానిసగా పుట్టింది. అమెరికా కళాచరిత్ర రాసినవాళ్లు చాలా కాలం ఆమె పేరు ఎత్తనే లేదు. ఈరోజు ఆ దేశపు అత్యంత విలువైన జానపద కళాఖండాల్లో ఈ రెండు బొంతలనూ లెక్కిస్తున్నారు.

బొంత అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, చిరుగు ఉన్నచోట మరో ముక్క అతికి, మన అమ్మమ్మలు నాయనమ్మలు చేత్తో కుట్టేవారు. చలికాలంలో పిల్లలకు కప్పేవారు. దాన్ని గోడకు తగిలించి చూసుకుంటామని ఎవరూ అనుకోరు. అమెరికా దక్షిణాది పల్లెల్లో కూడా బొంతలు పేదల ఇళ్లలో నిత్యం వాడుకునేవే. హ్యారియెట్ మాత్రం రంగు గుడ్డలను మనుషులుగా, జంతువులుగా, నక్షత్రాలుగా కత్తిరించి, వాటిని బొంత మీద అతికి, ఆదికాండం మొదలుకొని కల్వరి దాకా దేవుని కథ చెప్పింది.

ఆమె 1837 అక్టోబర్ 29న జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణం దగ్గర పుట్టింది. అది పత్తి పండే నేల. పత్తి చేలలో చెమటోడ్చిన చేతులు నల్లవాళ్లవి, లాభం తెల్ల యజమానులది. పద్దెనిమిదేళ్ల వయసులో ఆర్మ్‌స్టెడ్ పవర్స్ అనే అతనితో ఆమెకు పెళ్లయింది. కనీసం తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు. 1865లో బానిసత్వం రద్దయ్యేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ తర్వాత భార్యాభర్తలు కష్టపడి నాలుగు ఎకరాల పొలం సంపాదించారు. నిన్నటిదాకా తానే మరొకరి ఆస్తిగా ఉన్న మనిషికి నాలుగు ఎకరాలు సొంతం కావడం చిన్న సంగతి కాదు.

1886లో ఏథెన్స్‌లో పత్తి ప్రదర్శన జరిగింది. అందులో హ్యారియెట్ తన బొంతను పెట్టింది. ఆ ఊళ్లోని ఆడపిల్లల విద్యాలయంలో చిత్రకళ నేర్పే జెనీ స్మిత్ అనే తెల్ల యువతి ఒక మూల వేలాడుతున్న ఆ బొంతను చూసి ఆగిపోయింది. ఆమె చిత్రకళ నేర్చుకున్న మనిషి. అయినా ఇలాంటిది ఎక్కడా చూడలేదు. కుట్టినవారి కోసం వెతుక్కుంటూ వెళ్లి హ్యారియెట్‌ను కలుసుకుంది. బొంత కొంటానంది. హ్యారియెట్ ఏ వెలకైనా సరే అమ్మనని చెప్పింది.

సుమారు ఆరడుగుల ఎత్తు, ఏడడుగులకు పైగా వెడల్పు ఉండే ఆ బొంతలో పదకొండు గడులున్నాయి. మొత్తం 299 గుడ్డ ముక్కలు. మొదటి గడిలో ఏదెను తోట. ఆదాము, హవ్వ, వాళ్ల చుట్టూ ఏనుగు, ఒంటె, నిప్పుకోడి. హవ్వను మోసగించే సర్పమూ అక్కడే ఉంది. విచిత్రమేమిటంటే ఆ గడిలో కాళ్లున్న జంతువు సర్పం ఒక్కటే! ఏ జంతువుకు కాళ్లు లేవో దానికే ఈమె కాళ్లు పెట్టిందని జెనీ స్మిత్ ముచ్చటపడుతూ రాసుకుంది. అయితే మనం ఆదికాండం మూడో అధ్యాయం తెరిచి చూద్దాం. పొట్టతో పాకమని దేవుడు సర్పాన్ని శపించింది హవ్వ పండు తిన్న తర్వాతే (ఆది 3:14). అంటే శాపానికి ముందు అది పాకేది కాదన్నమాట. హ్యారియెట్ పొరబడలేదని, వాక్యాన్ని మనకన్నా శ్రద్ధగా చదివిందని మాకు అనిపిస్తుంది. మిగతా జంతువులకు కాళ్లెందుకు మరిచిపోయిందంటే మాత్రం మా దగ్గర జవాబు లేదు.

రెండో గడిలో హవ్వకు కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడు పుడుతూనే పంట్లాం తొడుక్కుని వచ్చాడు! తరువాత కయీను హేబెలును చంపడం, నేల మీద పారే నెత్తురు, కయీను నోదు దేశానికి వెళ్లడం. యాకోబు కలలో నిచ్చెన మీద దేవదూత. యేసు బాప్తిస్మం పొందుతుంటే పైనుంచి రెక్కలు చాపి దిగుతున్న పరిశుద్ధాత్మ. సిలువ దృశ్యంలో దారానికి కట్టిన బుడగల్లా గుండ్రటి ఆకారాలు కనిపిస్తాయి. అవి భూమిని కమ్మిన చీకటి, రక్తంగా మారిన చంద్రుడు. ప్రభువు రాత్రి భోజనం గడిలో శిష్యులు పన్నెండుమంది లేరు, ఏడుగురే ఉన్నారు. చోటు చాలలేదో, గుడ్డ చాలలేదో. అందరికీ తెల్లటి చుక్కల బట్టతో అంగీలు కుట్టి, ఇస్కరియోతు యూదాకు మాత్రం వెలిసిన రంగు గుడ్డ వేసింది. గుణం మాసినవాడికి మాసిన బట్ట! అదే యూదాకు మరో గడి ప్రత్యేకంగా కేటాయించింది. అతని చుట్టూ గుండ్రటి బిళ్లలు, ముప్పై వెండి నాణేలు (మత్తయి 26:15).

ఈ ముప్పై నాణేల గడి దగ్గర మనం కాస్త ఆగాలి. ఎందుకంటే ఏ వెలకైనా అమ్మనన్న ఆ బొంత ఆ తర్వాత నాలుగైదేళ్లకు అమ్ముడుపోయింది.

1890 నాటికి పవర్స్ కుటుంబానికి రోజులు బాగా లేవు. చిన్న కమతాలున్న నల్ల రైతులెందరో అప్పుల్లో కూరుకుపోతున్న కాలం అది. హ్యారియెట్ తనంతట తానే జెనీ స్మిత్‌కు కబురు పంపింది, బొంత అమ్ముతానని. అప్పుడు స్మిత్ దగ్గర డబ్బు లేదు. కొన్నాళ్లకు తానే తిరిగి కబురు చేసింది. హ్యారియెట్ ఎద్దుబండిలో కూర్చుని వచ్చింది. ఒళ్లో బొంత. శుభ్రంగా ఉతికిన పిండి సంచిలో చుట్టి, దానిపైన గోనె సంచి కప్పి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. పది డాలర్లు అడిగింది. స్మిత్ ఐదే ఇవ్వగలనంది. హ్యారియెట్ బయటకు వెళ్లి భర్తతో మాట్లాడి వచ్చింది. రోజులు గడ్డుగా ఉన్నాయి, తీసుకోమన్నాడని చెప్పి ఆ ఐదు డాలర్లు తీసుకుంది.

జెనీ స్మిత్ చెడ్డ మనిషి కాదు. ఆమె లేకపోతే ఈరోజు ఆ బొంతా ఉండేది కాదు, హ్యారియెట్ పేరూ మనకు తెలిసేది కాదు. ఇది మరిచిపోకూడదు. కానీ పది అడిగిన తల్లికి ఐదు ఇచ్చిన చెయ్యి కూడా ఆ చెయ్యే. పేదవాడి పనికి వెల కట్టేది ఎప్పుడూ కొనేవాడే. సీయోను గురించి పాటలు పాడే సంఘాల్లో కూడా చేతిపని చేసేవారితో బేరం ఎలా ఆడతామో మనకు తెలియనిది కాదు. కూలివాని జీతం రాత్రంతా నీ దగ్గర ఉంచుకోవద్దన్న ధర్మశాస్త్రం (లేవీ 19:13) కొత్త నిబంధన వచ్చాక రద్దయిపోలేదు కదా.

హ్యారియెట్ బొంత ఇచ్చేసి ఊరకే వెళ్లిపోలేదు. ఒక్కొక్క గడి ముందు నిలబడి అందులో ఏముందో, ఎందుకుందో స్మిత్‌కు వివరించింది. స్మిత్ వాటిని రాసి పెట్టుకుంది. ఇంతకుముందు మనం చెప్పుకున్న గడుల వివరాలన్నీ ఆ రాతల నుంచే వచ్చాయి. ఆలోచించండి. ఒక తరం క్రితం వరకు జార్జియాలో బానిసకు చదువు నేర్పడం నేరం. అలాంటిచోట బానిసగా పుట్టిన స్త్రీ విద్యాలయంలో పాఠాలు చెప్పే స్త్రీకి బైబిలు విప్పి చెప్పింది. బొంత చేతులు మారింది గాని దాని అర్థం చెప్పే అధికారం హ్యారియెట్ దగ్గరే ఉంది. ఆ తర్వాత కూడా ఆమె చాలాసార్లు స్మిత్ ఇంటికి వెళ్లి ఆ బొంతను చూసి వచ్చేదట. అత్తారింటికి పంపిన కూతుర్ని చూసి వచ్చినట్టు.

కుటుంబం కష్టాలు ఐదు డాలర్లతో తీరలేదు. 1891 నుంచి పొలం ముక్కలు ముక్కలుగా అమ్ముకోవలసి వచ్చింది. 1895 ప్రాంతంలో ఆర్మ్‌స్టెడ్ ఆమెను విడిచి వెళ్లిపోయాడు. హ్యారియెట్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కుట్టుపనితోనే బతికి ఉంటుందని పరిశోధకులు భావిస్తారు.

అదే 1895లో అట్లాంటా నగరంలో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అందులో నల్లవాళ్ల పనితనం కోసం విడిగా ఒక భవనం కట్టారు. స్మిత్ ఆ బొంతను అక్కడికి పంపింది. దాన్ని చూసిన మీదటే అట్లాంటా యూనివర్సిటీ అధ్యాపకుల భార్యలు హ్యారియెట్ చేత రెండో బొంత కుట్టించారని చెబుతారు. 1898లో దాన్ని రెవరెండ్ చార్లెస్ కత్‌బర్ట్ హాల్ గారికి కానుకగా ఇచ్చారు. ఆయన న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీ అధ్యక్షుడు. ఈ హాల్ గారే 1902-03లో మన దేశానికి వచ్చి, బారోస్ ఉపన్యాసాల పేరుతో క్రైస్తవ విశ్వాసం గురించి మన విద్యావంతుల ముందు మాట్లాడారు. అప్పటికి ఆ బొంత ఆయన సొంతమై నాలుగేళ్లు దాటింది. ఆయన పెద్ద పండితుడు, మంచి వక్త. ఆ ఉపన్యాసాలు పుస్తకంగా కూడా వచ్చాయి. ఇప్పుడు వాటిని చదివేవారు అరుదు. బొంత ముందు మాత్రం జనం నిలబడుతూనే ఉన్నారు.

ఈ రెండో బొంతలో పదిహేను గడులు. మోషే ఎత్తిన సర్పం, ఓడ నుంచి సముద్రంలో పడుతున్న యోనా, తన శత్రువుల కోసం ప్రార్థించే యోబు, ఏడు పాత్రలు పట్టుకున్న ఉగ్రత దూతలు, ఇద్దరు దొంగల మధ్య ప్రభువు. వీటి మధ్యలోనే, ఏ అడ్డుగోడా లేకుండా, బైబిల్లో లేని సంగతులు నాలుగైదు ఉన్నాయి. అవి అమెరికాలో జరిగినవి.

ఒకటి 1780 మే 19. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఆ రోజు మధ్యాహ్నానికే చీకటి పడింది. పశువులు దొడ్లకు చేరాయి, కోళ్లు గూళ్లకు ఎక్కాయి. జనం పగటిపూట కొవ్వొత్తులు వెలిగించారు. తీర్పు దినం వచ్చిందని చర్చీలకు పరుగెత్తారు. కనెక్టికట్ శాసనసభ వాయిదా వేద్దామనుకుంటుంటే అబ్రహాం డావెన్‌పోర్ట్ అనే సభ్యుడు ఒప్పుకోలేదు. తీర్పు దినం ఈరోజు కాకపోతే సభ ఆపనక్కర లేదు, ఈరోజే అయితే ప్రభువు వచ్చేసరికి నేను నా పనిలోనే కనిపించాలి, దీపాలు తెప్పించండి అన్న భావంతో మాట్లాడాడు. ఆ చీకటికి కారణం కెనడా అడవుల్లో రగిలిన మంటల పొగ అని ఇప్పటి పరిశోధకులు తేల్చారు. ఆ ప్రాంతపు చెట్ల వలయాల్లో ఆనాటి కాలిన మచ్చలు దొరికాయి.

రెండోది 1833 నవంబర్ 13 తెల్లవారుజాము. ఆకాశం నుంచి ఉల్కలు వానలా కురిశాయి. గంటకు వేలకు వేలు. అమెరికా అంతటా జనం నిద్ర లేచి బయటికి వచ్చారు. అంజూరపు చెట్టు నుంచి కాయలు రాలినట్టు నక్షత్రాలు రాలతాయని ప్రకటన గ్రంథంలో (6:13) చదివినవారికి ఇంకేమి అనుమానం ఉంటుంది? తర్వాతికాలంలో బానిసత్వ వ్యతిరేక పోరాటానికి నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ అప్పటికి కుర్రవాడు, మేరీలాండ్‌లో బానిస. మనుష్యకుమారుడు వస్తున్నాడనే అనుకున్నానని, తన విమోచకుడిని ఎదుర్కోడానికి సిద్ధమయ్యానని తరువాత రాసుకున్నాడు. యజమానులు ఆ రాత్రి వణికిపోయి ఉండవచ్చు. బానిసకు మాత్రం ఆ వార్త వేరేలా వినిపించింది. శాస్త్రవేత్తలకు ఉల్కల గురించిన అధ్యయనం ఆ రాత్రితోనే గట్టిగా మొదలైంది. దాదాపు ముప్పై మూడేళ్లకోసారి ఈ ఉల్కల వాన ఉద్ధృతమవుతుందని తర్వాత తెలిసింది.

ఈ రెండు సంఘటనలూ జరిగినప్పుడు హ్యారియెట్ పుట్టనే లేదు. ఆమె వాటిని విని కుట్టింది. పత్తి చేలలో, రాత్రి గుడిసెల ముందు, పెద్దవాళ్లు పిల్లలకు చెప్పుకున్న కథలవి. రాయడం నిషిద్ధమైన జనానికి చరిత్ర నోటిమాటగానే మిగిలింది. బానిసలకు తమ పుట్టిన తేదీ కూడా సరిగా తెలిసేది కాదు. నక్షత్రాలు రాలిన ఏడు అని గుర్తుపెట్టుకునేవారు. మన పల్లెల్లో పెద్దలు ఉప్పెన వచ్చిన ఏడు, కరువు వచ్చిన ఏడు అని చెప్పుకున్నట్టే. నక్షత్రాలు రాలే గడిలో హ్యారియెట్ పైన ఒక పెద్ద తెల్లటి చేతిని కుట్టింది. జనం అంతం వచ్చిందని భయపడితే, దేవుని చెయ్యి ఆ నక్షత్రాలను ఆపిందని ఆమె వివరణ. నక్షత్రాలను రాల్చే చెయ్యి కాదది, ఆపే చెయ్యి. ఈ తేడా చిన్నది కాదు. ప్రకృతిలో ఏ ఉపద్రవం వచ్చినా దేవుడు ఫలానావారి మీద కోపగించాడని వెంటనే ప్రకటించే బోధకులు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

అలాగని ఆమె దేవుడు అందరినీ అన్నింటి నుంచీ కాపాడేస్తాడని కూడా చెప్పలేదు. 1895 ఫిబ్రవరి నాటి భయంకరమైన చలికి ఒక గడి ఇచ్చింది. కంచర గాడిద ఊపిరి మంచు కడ్డీలై వేలాడుతోంది. నీలిపిట్టలన్నీ చచ్చిపోయాయి. పిండి సంచి మోస్తున్న మనిషి గడ్డకట్టిపోయాడు. సారా జాడీ దగ్గర ఒకడు గడ్డకట్టిపోయాడు. ప్రార్థన చేస్తూ ఒక స్త్రీ గడ్డకట్టిపోయింది. ముగ్గురూ ఒకే గడిలో, ఒకే చలిలో. సారా జాడీ పట్టుకున్నవాడు చచ్చాడని, ప్రార్థించే స్త్రీ బతికిందని కుట్టి ఉంటే వినడానికి ఎంత బాగుండేది! ఆదివారం సాక్ష్యానికి సరిగ్గా సరిపోయేది. హ్యారియెట్ అలా కుట్టలేదు. భర్త వదిలి వెళ్లిన ఏడాది అది. పొలం చేజారుతున్న ఏడాది అది. ప్రార్థించేవాళ్లకు కూడా చలి పెడుతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. యోబును ఎందుకు ఎంచుకుందో కూడా ఇక్కడే మనకు అర్థమవుతుంది. తన బాధకు కారణం నువ్వేనని వాదించిన స్నేహితుల కోసం ప్రార్థన చేసినవాడు యోబు (యోబు 42:10).

ఈ గడుల్లో ఒక పంది కూడా ఉంది. జార్జియా నుంచి వర్జీనియాకు ఐదు వందల మైళ్లు పరుగెత్తిన స్వతంత్రురాలైన పంది, పేరు బెట్స్. ఇది బానిసలు పారిపోయిన కథకు మారుపేరని కొందరు పండితులు ఊహిస్తారు. కావచ్చు. పల్లెటూళ్లో చెప్పుకున్న ఒక సరదా కథ కూడా కావచ్చు. దానికీ బొంతలో చోటు దొరికింది. అది ఆమె ఇష్టం.

హ్యారియెట్‌కు చదువు రాదని, చర్చిలో విన్న ప్రసంగాలను బట్టి మాత్రమే ఈ బొమ్మలు కుట్టిందని దాదాపు వందేళ్లు రాశారు. నల్లజాతి పేద స్త్రీ అనగానే అలా అనుకోవడం అందరికీ తేలికైంది. కైరా హిక్స్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పుస్తకంతో ఆ మాట చెల్లకుండా పోయింది. 1896లో హ్యారియెట్ తన గురించి చెప్పుకున్న ఒక ఉత్తరం ప్రతిని ఆమె వెలుగులోకి తెచ్చింది. తాను చదవడం నేర్చుకున్నానని, బైబిలు చదివానని, ఈ రెండు బొంతలే కాక ఇంకా బొంతలు కుట్టానని అందులో ఉంది. వాటిలో ఒకటి ప్రభువు రాత్రి భోజనం గురించినది. అవి ఏ ఇంట్లో ఎవరి మీద కప్పగా కప్పగా చిరిగిపోయాయో. కాళ్లున్న సర్పం సంగతి కూడా ఈ ఉత్తరం తర్వాత మళ్లీ ఆలోచించవలసిందే.

ఆమె ఫోటో ఒకటి మిగిలింది. 1897 ప్రాంతంలో తీసింది. అందులో ఆమె కట్టుకున్న ఏప్రాన్ మీద కూడా నక్షత్రాల్లాంటి ఆకారాలు కుట్టుకుంది. ముఖంలో నవ్వు లేదు, బెరుకు కూడా లేదు.

1910 జనవరి 1న హ్యారియెట్ పవర్స్ కన్నుమూసింది. ఏథెన్స్‌లోని గాస్పెల్ పిలిగ్రిమ్ శ్మశానంలో సమాధి చేశారు. పొదలు కమ్మి, ఆనవాలు మరుగునపడిన ఆ సమాధి రాయి 2005లో మళ్లీ దొరికింది. మొదటి బొంత 1946లో జెనీ స్మిత్ చనిపోయేదాకా ఆమె దగ్గరే ఉంది. తర్వాత స్మిత్సోనియన్‌కు చేరింది. రెండో బొంతను హాల్ గారి కొడుకు ఒక సేకరణకర్తకు అమ్మితే, ఆయన ద్వారా 1964లో బోస్టన్ మ్యూజియానికి వచ్చింది. 2021 అక్టోబర్‌లో బోస్టన్‌లో అమెరికా బొంతల ప్రదర్శన పెట్టినప్పుడు వాషింగ్టన్ నుంచి మొదటి బొంతను తెప్పించారు. ఒకే తల్లి చేతుల్లో పుట్టిన ఆ రెండు బొంతలూ ఒకే గదిలో కనిపించడం అదే మొదటిసారి.